సత్యం పంటల నేలలో

హైదరాబాదు నుండి ముంబయి వైపు సాగే 65వ నెంబరు జాతీయ రహదారిపై సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణిస్తే జహీరాబాదు వస్తుంది. మరికొంత ముందుకు పోతే కర్ణాటక సరిహద్దు. కుడివైపు తిరిగితే బీదరు. మన పాఠకులలో చాలామందికి ఈ పట్టణం అల్లం, ఆలుగడ్డ, చెరకు పండే ప్రాంతానికి కేంద్రంగా తెలిసి ఉంటుంది. సంక్రాంతి దాటిన వారంలో మేము అక్కడికి వెళ్ళింది మాత్రం జొన్నల కోసం.

మా మదరసాలో నూట ఇరవై మంది పిల్లలు వసతి గృహంలో ఉండి విద్య నేర్చుకుంటున్నారు. వారికి రెండు పూటలా అన్నమే. షూరా సమావేశంలో ఒక సభ్యుడు, ఆయన వృత్తిరీత్యా వైద్యుడు, ఈ విషయం కదిపారు. ఎదిగే పిల్లలకు తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తప్ప మరో ధాన్యం రుచి తెలియకుండా పోతున్నదనీ, వారానికొక పూటైనా జొన్నరొట్టె పెట్టాలనీ ఆయన అభిప్రాయం. మరొక పెద్దమనిషి వెంటనే అడ్డుతగిలారు. “ఇది జనం నమ్మి ఇచ్చిన సొమ్ము. బియ్యం చౌకగా దొరుకుతుండగా అంతకన్నా ఖరీదైన ధాన్యం కొనే హక్కు మనకు ఎక్కడిది?” అన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. చందా సొమ్ము అమానత్. పిల్లల శరీరాలూ అమానతే. చివరకు పండించే చోటికే వెళ్ళి చూసి రమ్మని ముగ్గురిని నియమించారు: మేము, మా వంటశాల బాధ్యతలు చూసే భాయి, ఇటీవలే ఫారిగ్ అయి మా వద్ద చేరిన ఒక యువ ఉస్తాద్.

ఫజ్ర్ నమాజు చేసి బయలుదేరాము. పటాన్‌చెరు వద్ద తెల్లవారింది. అక్కడ రోడ్డు పక్కనే మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ఉన్నది. 1972లో నెలకొల్పారు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వారి ప్రధాన పరిశోధన పంటలు. అదే పటాన్‌చెరులో రసాయన పరిశ్రమలూ ఉన్నాయి. వాటి వ్యర్థాల వల్ల నక్కవాగు పాడయిన కథ పత్రికలలో, న్యాయస్థానాలలో ఏళ్ళ తరబడి నడిచింది. మెట్ట పంటల శాస్త్రమూ, మెట్ట నేలకు వచ్చిన ఆపదా ఒకే ఊరి పేరుతో ప్రసిద్ధి కావడం విచిత్రం.

సంగారెడ్డి దాటిన తరువాత నాష్తా కోసం ఒక హోటలు ముందు ఆగాము. బల్లలన్నీ నిండి ఉన్నాయి. ఖిచిడీ, ఖీమా, ఖట్టా. గోడపై పెద్ద అక్షరాలతో హలాల్ అని వ్రాసి ఉన్నది. అయినా భాయి తన అలవాటు ప్రకారం గల్లాపెట్టె దగ్గరకు వెళ్ళి ఒక్క ప్రశ్న అడిగి, సంతృప్తికరమైన జవాబు పొంది వచ్చి కూర్చున్నాడు. అడగవలసిన ప్రశ్నే అది. మా పక్క బల్లపై ఒక కుటుంబం తినగలిగిన దానికి రెండింతలు తెప్పించుకుని, సగం పళ్ళాలలోనే వదలి లేచిపోయింది. ఆ ఎంగిలిని ఎత్తి నీలిరంగు డ్రమ్ములో కుమ్మరించిన పిల్లవానికి పన్నెండేళ్ళు ఉంటాయేమో. మా హిఫ్జ్ తరగతి పిల్లల ఈడు. చేతులు సోడా నీటికి పాలిపోయి ఉన్నాయి.

యువ ఉస్తాద్ ఆ పిల్లవాణ్ణే చూస్తూ, “మౌలానా, ఇక్కడ మాంసం హలాలే అని తెలిసింది. ఈ పిల్లవాని సంగతి ఎవరు అడగాలి?” అన్నాడు. మేము లేచి యజమానిని అడిగాము. తన బంధువుల పిల్లవాడేననీ, బడికి పొమ్మంటే పోవడం లేదనీ ఆయన చెప్పాడు. మా మదరసా చిరునామా వ్రాసి ఇచ్చి, రుసుము ఏమీ ఉండదని చెప్పి వచ్చాము. ఆయన మర్యాదగా కాగితం తీసుకున్నాడు. ఈ వాక్యాలు వ్రాసేనాటికి ఎవరూ రాలేదు.

దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 168వ ఆయతులో మానవులందరినీ సంబోధించి, భూమిపై ఉన్న వాటిలో హలాల్ అయినదీ, తయ్యిబ్ అయినదీ తినమని ఆదేశం ఉన్నది. అక్కడ రెండు పదాలున్నాయి. మొదటి పదాన్ని మన సమాజం గట్టిగా పట్టుకున్నది, అల్హమ్దులిల్లాహ్. హోటలు మెట్లెక్కిన ప్రతివాడూ దాని గురించి అడుగుతాడు. తయ్యిబ్ అనే రెండవ పదానికి పరిశుద్ధమైనది, మేలైనది, మనసుకు ఇంపైనది అని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. ఆ పదాన్ని గురించి గల్లాపెట్టె దగ్గర అడిగిన వారిని మేము చూడలేదు. ఎలా అడగాలో కూడా మనకు అలవాటు లేదు. ధాన్యం ఏ నేలలో పండింది, పండించిన మనిషికి ఏమి ముట్టింది, వండి వడ్డించిన చేతులు ఎవరివి, మిగిలినది ఎటు పోయింది అన్నవి ఆ ప్రశ్నకు ముక్కలు. ఇవన్నీ వదిలివేసి, రసాయనాలు లేని పంట అనే ముద్ర వేసిన డబ్బాను నగరంలోని ఖరీదైన దుకాణంలో కొని తెచ్చుకుంటే తయ్యిబ్ తిన్నామని అనుకోవడం తేలికే. మాకు ఆ డబ్బాల మీద పెద్దగా గౌరవం లేదు.

జహీరాబాదు చుట్టుపక్కల నేల రెండు రంగులది. కొంతమేర ఎర్రటి గరప నేల. మట్టి పలుచన, రాయి ఎక్కువ. పక్కనే నల్లరేగడి. వాన పడినప్పుడు తాగిన నీటిని అది నెలల తరబడి దాచుకుంటుంది. బీదరులో సుల్తానుల కాలంలో భూమి కింద తవ్విన కారేజ్ సొరంగ కాలువలు కూడా ఇదే ఎర్రరాతి పీఠభూమిలోనివి. యువ ఉస్తాద్‌కు బీదరు వెళ్ళి 1472 నాటి మహమూద్ గవాన్ మదరసాను చూడాలని ఎంతో ఆశగా ఉండింది. ఒక్కరోజు ప్రయాణంలో అది కుదరలేదు.

ఈ ప్రాంతంలో జహీరాబాదు పక్కనే ఉన్న పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుండి పనిచేస్తున్నది. పల్లెల్లోని పేద దళిత మహిళలు సంఘాలుగా ఏర్పడి పాత పంటలను తిరిగి బ్రతికించిన చరిత్ర వారిది. ఆ 1983లోనే అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ప్రవేశపెట్టింది. ఆ పథకం ఎన్నో ఇళ్ళలో ఆకలి తీర్చిందనేది కాదనలేని సత్యం. దానికి మరో పార్శ్వం కూడా ఉన్నది. రెండు రూపాయలకు బియ్యం దొరుకుతుంటే రాళ్ళ నేలలో ఒళ్ళు హూనం చేసుకుని జొన్న వేయడం దేనికని మెట్ట రైతులు చేలను బీడు పెట్టారు. 1990ల నడుమ ఈ మహిళలు ఆ బీడు భూములను చేతబట్టారు. దున్నడానికీ, ఎరువుకూ అప్పుగా సాయం పొంది, ఆ అప్పును డబ్బు రూపంలో కాక జొన్నల రూపంలో ఊరి గాదెలో జమ చేశారు. ఏ ఇల్లు ఎంత పేదదో ఊరివారే కూర్చుని నిర్ణయించి, కరువు నెలల్లో ఆ గింజలను తక్కువ ధరకు ఇచ్చుకున్నారు. బయటి నుండి లారీలో బియ్యం రానక్కరలేని చౌకధరల దుకాణం అది. 2008లో మాచ్నూరులో వారే నడుపుకునే సంఘం రేడియో మొదలైంది. 2019లో ఈ మహిళా సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం లభించింది. సంస్థను మొదలుపెట్టిన వారిలో ఒకరైన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ సంవత్సరమే ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం కావడం గమనార్హం.

మేము వెళ్ళిన రోజుల్లో అక్కడ పాత పంటల జాతర నడుస్తున్నది. సంక్రాంతితో మొదలై దాదాపు నెల రోజులు ఊరూరా తిరుగుతుంది. అలంకరించిన ఎడ్లబండ్లపై పదుల రకాల విత్తనాలను బుట్టల్లో, మట్టి ముంతల్లో నింపి తెస్తారు. ఊరివారు ఎదురువెళ్ళి, తమ పద్ధతిలో బండ్లకు పూజ చేస్తారు. ఆ సమయంలో మేము పక్కకు తప్పుకుని వేపచెట్టు కింద నిలుచున్నాము. అటుపిమ్మట విత్తనాల గురించి మాటలు మొదలైనప్పుడు దగ్గరకు వెళ్ళి కూర్చున్నాము. మమ్మల్ని చూసి ఎవరూ ముఖం చిట్లించలేదు, జరిగి చోటిచ్చారు.

పచ్చజొన్న, ఎర్రజొన్న, తెల్లజొన్న, కొర్ర, సామ, సజ్జ, కంది, అనుములు, బెబ్బర్లు, అవిసెలు, కుసుమలు. ఒక్కొక్కదానిలో మళ్ళీ నాలుగైదు రకాలు. ఒకామె చేటలో గింజలు పోసి ఏది ఎప్పుడు వేయాలో, ఏది ఏ నేలకు నప్పుతుందో చెబుతున్నది. విత్తనం ఎలా దాస్తారని అడిగాము. బాగా ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, మట్టితో పేడతో అలికిన గంపల్లో మూసిపెడతామన్నది. యూసుఫ్ అలైహిస్సలామ్ ఈజిప్టు రాజు కలకు భాష్యం చెప్పినప్పుడు, ఏడేళ్ళు వరుసగా సేద్యం చేసి, తినడానికి కావలసిన కొద్ది భాగం తప్ప మిగిలిన పంటను వెన్నులలోనే ఉంచమని చెప్పిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ సూరాను మేము ముప్ఫై ఏళ్ళుగా బోధిస్తున్నాము. గింజను వెన్నులోనే ఎందుకు ఉంచాలి అని పిల్లలు అడిగితే పురుగు పట్టకుండా అని చెబుతూ వచ్చాము. ఆ జవాబు చేత్తో పట్టి చూపగలిగిన మనిషి ముందు కూర్చోవడం మాకు అదే మొదటిసారి.

ఆమెయే మమ్మల్ని తన చేనికి తీసుకువెళ్ళింది. వయసు అరవై దాటి ఉంటుంది. చదువు లేదు. రెండెకరాల నల్లరేగడి. తెల్లజొన్న నడుము దాటి నిలిచి ఉన్నది. మధ్యలో శనగ, కుసుమ, అంచుల్లో అవిసె. చుట్టుపక్కల బోరు కనబడలేదు, కాలువ లేదు. వాన ఎప్పుడు పడిందని అడిగితే విత్తిన తరువాత పడనేలేదన్నది.

“గివి సత్యం పంటలు సాబు. వాన లేకున్నా, ఎరువు లేకున్నా మంచు మీదనే పండుతయి. సత్యం ఉంటేనే పండుతయి గద!”

ఆ పేరు ఈ ప్రాంతపు మహిళలు పెట్టుకున్నదే. రేగడి మట్టి దాచుకున్న తేమ, శీతకాలపు మంచు, అంతే వాటి ఆస్తి. అల్లాహ్ ఆకాశం నుండి దింపిన దానితో తప్ప మరి దేనితోనూ పెరగని పంట. మన షరీఅత్‌లో పంట జకాతు లెక్క ఈ తేడాను ఎంత సున్నితంగా గుర్తించిందో చూడండి. వానతోనో ఊటతోనో పండినదానిపై పదో వంతు. కష్టపడి నీరు తోడి పండించినదానిపై ఇరవయ్యో వంతు. సహీహ్ బుఖారీలోని హదీసు ఇది. రైతు పెట్టిన ఖర్చును షరీఅత్ లెక్కలోకి తీసుకున్నది. కొనేవాడు మాత్రం తీసుకోడు.

చేనిలో నడుస్తూ ఆమె మా కాళ్ళకింద మొక్కలను చూపించింది. వానకాలంలోనయితే దొగ్గలికూర, తుమ్మికూర, చెన్నంగి, పొన్నగంటి, ఇంకా మేము పేరు పట్టుకోలేకపోయిన ఎన్నో ఆకులు ఎవరూ విత్తకుండానే మొలుస్తాయట. ఎవరైనా కోసుకుపోవచ్చు, చేను ఎవరిదని అడగరు. ఇప్పుడు గడ్డిమందు కొట్టే చేలల్లో అవి చచ్చిపోతున్నాయి. మా పిల్లలకు సదకా గురించి చెప్పేటప్పుడు, ముస్లిము నాటిన మొక్క నుండి, వేసిన పైరు నుండి మనిషిగాని పక్షిగాని పశువుగాని తింటే అది అతని ఖాతాలో దానంగా వ్రాయబడుతుందనే హదీసును తప్పక చెబుతాము. గడ్డిమందు కొట్టిన చేనిలో పేదవాని కూరాకుకూ, పిట్టకూ భాగమేదీ మిగలదు.

జుహ్ర్ వేళ అయింది. ఆమె బిందెతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. కంది కొయ్యకాళ్ళు ఏరివేసిన చోట తువ్వాళ్ళు పరచి ప్రయాణికుల కస్ర్ నమాజు రెండు రకాతులు చేసుకున్నాము. సలాం చెప్పి చూస్తే ఆమె దూరంగా గట్టుమీద కూర్చుని ఉన్నది. దగ్గరకు వచ్చి, కాసేపు తటపటాయించి అడిగింది:

“మా ఇంట్ల తింటరా సాబు?”

ఆ ప్రశ్న వెనుక ఎన్ని తరాల బాధ ఉన్నదో మేము వివరించనక్కరలేదు. యువ ఉస్తాద్ మాకంటే ముందే, “తింటాము అమ్మా, తప్పకుండా” అన్నాడు. మాంసం కోడి వంటివి వద్దనీ, ఉన్నది పెట్టమనీ భాయి మెల్లగా చెప్పాడు. ఆమె నవ్వి, “మాకు రోజు కోడి ఏడిది?” అన్నది.

ఇంటి ముందు గచ్చుపై చాప వేసింది. ఉడుకు నీళ్ళతో పిసికిన పచ్చజొన్న పిండిని పీటపై అరచేతితో తట్టి, పెనంపై వేసి, పైన తడిచేత్తో నీళ్ళు పూసి కాల్చిన రొట్టెలు. కందిపప్పు. లేత శనగాకు కూర. పచ్చిమిరపకాయ తొక్కు. చేతులు కడుక్కుని బిస్మిల్లాహ్ చెప్పుకున్నాము. రొట్టె వేడిమీద ఎంత మెత్తగా ఉన్నదంటే రెండు వేళ్ళతో తుంచితే వచ్చింది. భాయి మూడు రొట్టెలు తిన్నాడు. మా ఇంట్లో మా దాదీ ఉన్నంతకాలం జవార్ రోటీ ఉండేది. అంబాడే కీ భాజీతోనో, చక్నాతోనో తినేవారు. ఎండాకాలంలో ఆంబిల్. తెలంగాణ ముస్లిము ఇళ్ళలో ఇవి ఒకప్పుడు నిత్యం ఉండేవి. జొన్నరొట్టె తింటే పేదవాడని అనుకుంటారేమోనన్న భయంతో మనవారు దాన్ని దస్తర్‌ఖాన్ నుండి దించివేశారు. ఇప్పుడు మధుమేహం వచ్చాక డాక్టరు చీటీ ప్రకారం తిరిగి తెచ్చుకుంటున్నారు.

ఆ ఇంట్లో తింటూ ఉండగా హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించిన హదీసును యువ ఉస్తాద్ గుర్తుచేశాడు. దైవప్రవక్త (సఅసం) ప్రవక్తగా నియమితులైనప్పటి నుండి పరమపదించేవరకు జల్లించిన తెల్లటి మెత్తని పిండిని చూడనేలేదని ఆయన చెప్పారు. మరి జల్లెడ లేకుండా బార్లీ ఎలా తినేవారని అడిగితే, విసిరి, నోటితో ఊదేవారమనీ, ఎగిరిపోయేది ఎగిరిపోయేదనీ, మిగిలినదాన్ని తడిపి కలుపుకుని తినేవారమనీ జవాబిచ్చారు. బుఖారీలో ఉన్నది. పొట్టుతీయని ధాన్యం మేలని ఇప్పుడు వైద్యులు చెబుతుంటే కొత్త సంగతిలా వింటున్నాము.

పెరట్లో నాలుగు కోళ్ళు తిరుగుతున్నాయి. వాటిని చూసి భాయి ఫారం కోళ్ళ గురించి అడిగాడు. వాటి దాణాలో ఏమి కలుపుతారో తెలియదు, మరి తినవచ్చా? ఫిఖహ్ గ్రంథాలలో ‘జల్లాలా’ అనే అంశం ఉన్నది. మలినాలు తిని బ్రతికే పశువు మాంసాన్ని, పాలను దైవప్రవక్త (సఅసం) వారించారు. అటువంటి కోడిని మూడు రోజులు కట్టివేసి శుభ్రమైన మేత పెట్టిన తరువాత కోసేవారని హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) గురించి వచ్చింది. కోసే కత్తి ఒక్కటే కాదు, జంతువు ఏమి తిన్నదన్నది కూడా మన ఫిఖహ్‌లో చర్చించబడిన విషయమేనని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాము. దీన్ని పట్టుకుని బజారులోని కోడిమాంసమంతా నిషిద్ధమని ఎవరూ అనకూడదు. మందులు వేసి పండించిన బియ్యం హరామ్ కాదు. అల్లాహ్ హలాల్ చేసినదాన్ని హరామ్ అనే అధికారం మనకు లేదు. ఉన్నదానిలో మేలైనది వెదకడం వేరు, లేనివారి పళ్ళెం వైపు చూసి ముఖం ముడుచుకోవడం వేరు. దైవప్రవక్త (సఅసం) ఏ ఆహారాన్నీ ఎన్నడూ తప్పుపట్టలేదు. ఇష్టమైతే తినేవారు, లేకపోతే వదిలేసేవారు.

భోజనమయ్యాక బేరం మొదలైంది. ఆమె ఇంట్లో వానకాలపు పచ్చజొన్న కొంత ఉన్నది. ఇరుగుపొరుగు మరో ముగ్గురు మహిళల వద్ద కలిపితే రెండు క్వింటాళ్ళు తేలింది. ఆమె చెప్పిన ధర పట్టణపు మండీ ధరకంటే కిలోకు ఆరు రూపాయలు ఎక్కువ. భాయికి బేరమాడటం వృత్తిధర్మం. మదరసా అని, అనాథ పిల్లలని, పుణ్యమని చెప్పి తగ్గించమన్నాడు. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి నాలుగు రూపాయలు తగ్గిస్తానన్నది.

మేము భాయిని పక్కకు పిలిచాము. దైవప్రవక్త (సఅసం) కాలంలో పల్లెల నుండి సరుకు తెచ్చే బిడారులను వర్తకులు ఊరి వెలుపలే ఎదుర్కొని, బజారు ధర వారికి తెలియకముందే చౌకగా కొనివేసేవారు. దానిని ఆయన నిషేధించారు. ‘తలఖ్ఖీ అర్రుక్బాన్’ అనే పేరుతో ప్రతి మదరసాలోనూ ఈ పాఠం చెబుతారు. “ఈమెకు మండీ ధర తెలుసు కదా మౌలానా, మోసమేమున్నది?” అన్నాడు భాయి. నిజమే, ఆ హదీసు ఇక్కడ అక్షరాలా వర్తించదు. అయితే దాని ఉద్దేశం పండించినవాని నిస్సహాయత మీద కొనేవాడు లాభం తీసుకోకూడదనే. అనాథ పిల్లల పేరు చెప్పి, మనవళ్ళకు తానే దిక్కయిన మరో పేదరాలి చేత ధర తగ్గింపజేయడం మా మనసుకు ఒప్పలేదు. చందా సొమ్మును కాపాడటం భాయి బాధ్యత. దానిని ఆయన నిజాయితీగానే చేస్తున్నాడు. ఆ మేరకు తేడా సొమ్మును మా ముగ్గురి జేబుల నుండి వేసుకుందామని నిర్ణయించి ఆమె అడిగిన ధరే ఇచ్చాము. తరువాత షూరాలో ఒక సభ్యుడు ఆ భారం ఏటా తానే భరిస్తానన్నారు. అల్లాహ్ ఆయన సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక.

తూకం వేసేటప్పుడు మాకు ఒక సంగతి మరీ నచ్చింది. బస్తా మూతి విప్పి, చేతిని మోచేతి దాకా లోపలికి పంపి అడుగునుండి గింజలు తీసి చూపింది. పైన ఉన్నట్టే అడుగునా ఉన్నాయి. బజారులో ధాన్యపు కుప్పలో దైవప్రవక్త (సఅసం) చేయి పెట్టినప్పుడు తడి తగిలిన సంఘటన, ఆ వర్తకునికి ఆయన చేసిన హెచ్చరిక మేము పక్కన నిలిచి ఆమెకు చెప్పాము. ఆమె శ్రద్ధగా విని, “మంచిగ చెప్పిండు” అన్నది.

ఆమె దుఃఖం మరొకటి. “పట్నపోళ్ళు కార్లేసుకొని వచ్చి కొంటున్నరు. మా మనవండ్లే తింటలేరు సాబు. రేషన్ల సన్నబియ్యం ఉత్తగ వస్తున్నయి, దుకాన్ల ప్యాకెట్లు పదిరూపాలకు వస్తున్నయి.” తిరిగి వస్తూ జహీరాబాదు బజారులో చూశాము. మన వీధుల్లోని కిరాణా దుకాణాల ముందు కూడా వెండి రంగు ప్యాకెట్ల దండలే. పక్కనున్న కోహీరులో జామ పండుతుంది. దాని ముందు నిలబడి ఒక తల్లి బిడ్డకు రంగు నీళ్ళ సీసా కొనిపెడుతున్నది.

పాఠక సోదరీమణులకు ఒక మాట. ఈ విషయంలో మౌలానాలు వ్రాసే వ్యాసాలకంటే మీ చేతిలోని సంచి ఎక్కువ పని చేయగలదు. అన్నీ మార్చనక్కరలేదు. మీ ఊరి సంతలో లేదా రైతు బజారులో పండించినవాడే అమ్ముతుంటే వారానికొకసారి అక్కడ కొనండి. చింతచిగురు వచ్చినప్పుడు చిగుర్ గోష్త్ చేయండి, పుంటికూర ఉన్నప్పుడు అంబాడే వండండి. రుతువు కాని కూరగాయ కోసం పట్టుపట్టకండి. హోటలుకు వెళ్తే ముగ్గురికి సరిపడా తెప్పించి నలుగురు తినండి. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందనే హదీసు దావతులలోనే కాదు, బిల్లు కట్టే చోట కూడా పాటించవచ్చు. వలీమా విందుల సంగతి వ్రాస్తే మరో వ్యాసమవుతుంది. ధనికులను పిలిచి పేదలను వదిలివేసే వలీమా భోజనాన్ని హదీసు అన్నింటికన్నా చెడ్డదని చెప్పింది. ఫంక్షన్ హాళ్ళ వెనుక తెల్లవారుజామున కుక్కలు లాగే బిర్యానీని చూసినవారికి ఇంతకుమించి చెప్పనక్కరలేదు.

ఇక మా వంటశాలలో ఎదురైన చిక్కు ధాన్యానిది కాదు, చేతులది. రెండు క్వింటాళ్ళ జొన్నలు వచ్చాయి. పిండి పట్టించాము. నూట ఇరవై మందికి తలా రెండు రొట్టెలు తట్టగలవారెవరు? మా వంటమనుషులకు అన్నం, దాల్చా, ఖుర్మా తెలుసు. జొన్నరొట్టె తట్టడం వారికి రాదు. మొదటి గురువారం పెనం పైకి చేరేలోపే సగం రొట్టెలు విరిగిపోయాయి. పల్లెల నుండి వచ్చిన పిల్లలు ఆ ముక్కలనే పప్పులో ముంచుకుని ఆప్యాయంగా తిన్నారు. నగరపు పిల్లలు పక్కకు పెట్టారు. వదిలిన ముక్కలను ఎండబెట్టి మా పక్కింటివారి మేకలకు ఇచ్చాము.

వాకబు చేయగా మా వీధి చివర ఒక వృద్ధురాలు, వితంతువు, పెళ్ళికి ముందు నారాయణఖేడ్ వైపు పెరిగిన మనిషి, ఈ పని ఎరిగినదని తెలిసింది. ఆమె తన చెల్లెలిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. నీళ్ళు ఎంత మరగాలో, పిండి ఎంతసేపు పిసకాలో మా వంటమనుషులకు చెబుతూ అస్ర్ నుండి మగ్రిబ్‌లోపు రెండువందల నలభై రొట్టెలు తీసింది. రొట్టెకు ఇంత అని ధర ఆమెయే చెప్పింది. భాయి ఈసారి బేరమాడలేదు. పండించిన ఊరికి కొంత, పిండి మరకు కొంత, మా వీధిలోని ఒక పేద ఇంటికి కొంత. బియ్యంతో పోలిస్తే ఆ పూటకు ఖర్చు ఎక్కువే. మొదట అడ్డుతగిలిన పెద్దమనిషి లెక్క చూసి, ఎక్కువైన సొమ్ములో చాలాభాగం ఆ ఇద్దరు స్త్రీల కూలి అని గమనించి, సంతకం చేశారు.

నాలుగు గురువారాలు గడిచాయి. ఇక రమజాను సెలవులు. మొన్న జహీరాబాదు నుండి ఫోను వచ్చింది. శనగ కోతలు అయ్యాయట.

“మీ రోజాలకు శనగలు కావాల్నా సాబు?” అని అడిగింది ఆ తల్లి.

భాయి జుమా తరువాత మస్జిదు వరండాలో కాగితం పట్టుకుని కూర్చుని, మా వీధివారి పేర్లు, ఎవరికి ఎన్ని కిలోలో వ్రాసుకుంటున్నాడు.